చేతులెత్తేసిన ఉత్తరం

సిద్దిపేట
3 ఫిబ్రవరి 2025, సోమవారం

మా బామ్మర్ది, చెవులు తప్ప అన్నీ సరిగ్గా ఉన్న భూమయ్యకు,

నీ బావ పర్శరాములు రాయిస్తున్నాడు. మాటలు నావి, అక్షరాలు నా బిడ్డ సింధుజవి. కుట్టుమిషన్ మీద సగం జాకెట్టు వదిలేసి వచ్చి కూర్చుంది. "బాపూ, జల్దీ చెప్పు" అంటోంది. అరవై రెండేళ్లలో నేను జల్దీగా చెప్పింది ఏదీ లేదని దానికి తెలియక కాదు.

ఫోన్ నీతో అయ్యే పని కాదు. పోయిన నెల "ఎట్లున్నవు భూమయ్యా" అని అడిగాను. "ఎడ్లేడియి బావా, అమ్మి ఆరేండ్లాయె" అన్నావు. ఆ తర్వాత ఎడ్ల గురించి పావుగంట మాట్లాడి పెట్టేశావు. అందుకని ఉత్తరమే మేలు. మిరుదొడ్డి బస్సు కండక్టర్ రాంచందర్ చేతికిస్తే పొద్దుగూకే లోపల నీకు చేరుతుంది. మీ అక్కకు చదివి వినిపిస్తావు కదా, భయం మాటలు వచ్చిన చోట దాటేసి చదువు.

చేతికి వేసిన సిమెంటు పట్టీ పోయిన మంగళవారం కోసి తీశారు. లోపల నుంచి ఒక చెయ్యి బయటపడింది. అది నాదేనని డాక్టర్ అంటున్నాడు. నేను ఇంకా ఒప్పుకోలేదు. నా చెయ్యి నల్లగా, కాయలు కాసి, కత్తి పిడికి సరిపోయేటట్టు వంగి ఉండేది. ఇది వాచి, నున్నగా, వంకాయలాగా మెరుస్తోంది. వేళ్లు మూసుకోవు. సింధుజ చున్నీ కొస తగిలితే చాలు, నిప్పు కణిక పెట్టినట్టు ఉంటుంది. ఫ్యాను గాలి కూడా పడదు. ఎముక చక్కగా అతికిందని ఫోటో చూపించారు. మరి అతికిన ఎముకకు ఇంత మంట ఎందుకు అంటే ఎవరూ నాకు అర్థమయ్యేలా చెప్పలేదు.

దవాఖాన బెంచీ మీద నా పక్కన కూర్చున్న మనిషి మాత్రం అడగకుండానే చెప్పాడు. "మా తమ్మునికి గిట్లనే అయింది. మణికట్టు దాక తీసిన్రు" అన్నాడు. ఎక్కడ తీశారు, ఎందుకు తీశారు అని అడిగే లోపల వాడి పేరు పిలిచారు, లేచి పోయాడు. ఆ రోజు నుంచి, భూమయ్యా, చెయ్యి మీద తువ్వాల కప్పి పెట్టుకుంటున్నాను. చూస్తే భయం, చూడకపోతే ఉందో లేదోనని ఇంకో భయం.

ఇప్పుడు నన్ను ఇంకో గదికి పంపారు. ఫిజియోథెరపీ గది. ఆ మాటను తప్పు లేకుండా పలకడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. వ్యాయామం అక్కడి నుంచే మొదలైనట్టుంది. అక్కడ సౌమ్య అని ఒక డాక్టరమ్మ. మన సింధుజ కన్నా చిన్నది. మొదటి రోజు నా చెయ్యి పట్టుకుని వంచుతుందేమోనని గోడకు అతుక్కున్నాను. ఆమె ముట్టనే లేదు. బల్ల మీద ఒక అద్దాన్ని నిలువుగా పెట్టింది. కుడిచేతిని అద్దం వెనక దాచమంది, ఎడమచేతిని ముందు పెట్టమంది. "అద్దంల చూసుకుంట ఎడమ పిడికిలి మెల్లగ మూయి బాపూ" అంది.

మూశాను. అద్దంలో నా కుడిచెయ్యి మూసుకుంది. కాయలు కాసిన నా పాత చెయ్యి. చెమట పట్టింది నాకు. "ఇది మంత్రమా బిడ్డా?" అన్నాను. "మంత్రం గాదు. నీ చెయ్యి కన్న నీ మెదడు ఎక్కువ బుగులువడ్డది. దానికి ముందు చూపెట్టాలె, తర్వాత చేయించాలె" అంది. అద్దం తీసేయగానే మళ్లీ వంకాయ.

ఊళ్లో ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. తాటిచెట్టు మీది నుంచి పడితే గొప్పగా చెప్పుకోవచ్చు. నలభై నాలుగేళ్లు చెట్లెక్కిన గౌడు రెండు నిలువుల ఈతచెట్టు మీది నుంచి, అదీ దున్నిన మెత్తటి మడిలో పడి చెయ్యి విరగ్గొట్టుకోవడం చెప్పుకునే సంగతి కాదు. నేను బడికి పోలేదు, కల్లు దుకాణం ముందు బజ్జీలు చుట్టిచ్చే పేపరు ముక్కల మీద అక్షరాలు నేర్చాను. అందుకే నాకు ఏ వార్తకూ మొదలూ చివరా తెలియవు, నడుమ ముక్కే తెలుసు. ఈ చేతి వార్త కూడా అట్లాగే ఉంది.

ఒక్క మాట. ఆ రోజు చెట్టు మొదట్లో పడిపోయిన నా మోకు, చెట్టెక్కేటప్పుడు నడుముకు కట్టుకునే ఆ తాడు, నీ దగ్గరే ఉంది కదా. జాగ్రత్తగా పెట్టు. ఎవరికీ ఇవ్వకు. దాని సంగతి కాగితం మీద వద్దు, వచ్చినాక మనిద్దరమే మాట్లాడుకుందాం.

తువ్వాల కింద చెయ్యి పెట్టుకున్న నీ బావ,
పర్శరాములు

*

మిరుదొడ్డి
10 ఫిబ్రవరి, సోమవారం

ఈతచెట్టు బావకు భూమయ్య రాసేది,

నీ లెక్క నాకు పుస్తకం భాష రాదు. నోటికి ఎట్లొస్తే అట్ల రాస్త. సదివి నవ్వుకోకు.

ఉత్తరం యాదక్కకు సదివిన. దాటేయమన్న కాడ దాటేసిన. ఆమె ఊకుంటదా? "కాగితం నిండ రాసిండు, నువ్వు రొండు ముక్కలు సదివితివి. తక్కినయి మింగినవా?" అన్నది. నాకు ఇనవడనట్టు కూసున్న. చెవులు పోయినంక గదొక్కటే సుఖం.

కోహెడ దేవదాసు ఎరుకే గద, ఎముకలకు కట్టు కట్టేటాయన. ఆయనను అడిగిన. "సిమెంటు పట్టిల పెడితే నరం సచ్చిపోతది. నాకాడికి తోల్కరా, ఒక్క గుంజుడు గుంజి మల్ల కూసోవెడ్త" అన్నడు. అద్దంల చూస్తె చెయ్యి వస్తదా బావా? అద్దంల చూస్తె ఆకలి తీరుతదా? నువ్వు ఊ అను, పట్నం దాక తీస్కొస్త.

ఇంకేంది. మక్కచేన్ల పడే పందులను బెదిరిచ్చెటందుకు మైకు పెట్టిన. నా గొంతే నింపిచ్చిన, "హోయ్ హోయ్, ఆగుండ్రి, వస్తున్న" అని. పందులు రెండు వారాలాయె రాక. మైకు మాత్రం పొద్దంత మొత్తుకుంటనే ఉన్నదట. యాదక్క రోజు లొల్లి వెడ్తది, "లేని పందులకు ఎందుకురా గింత అరుసుడు, బంద్ చెయ్" అని. నాకేం ఇనవడ్తది, బంద్ చేసుడు యాదికే ఉండది.

మోకు నా ఇంట్లనే దూలానికి ఏలాడుతుంది. నేను దాని దిక్కు చూస్తలేను. కాగితం మీద వద్దు అన్నవు. సరే. కని ఎందుకు వద్దన్నవో ఆలోచన చేస్తున్న. మోకు కొసకు ఉచ్చు దసరాకు నేనే కొత్తగ అల్లిన, నీకు యాదికున్నదా? అల్లేటప్పుడు నువ్వు పక్కనే కూసోని బీడి తాగినవు. ఊకనే రాసిన, ఏం లేదు.

వేళ్లు మూస్తున్నయా లేదా, గది రాయి.

భూమయ్య

*

సిద్దిపేట
4 మార్చి 2025

భూమయ్యా,

ఇది నా చేత్తో రాస్తున్నాను. ఐదు లైన్లు దాటి రాయలేను.

ఈ రోజు డాక్టరమ్మ నా ముందు నిలబడి చేతులెత్తేసింది. నన్ను కూడా ఎత్తేయమంది. నేనూ ఎత్తేశాను. కళ్లల్లో నీళ్లు ఆగలేదు. యాదవ్వకు చెప్పకు, వచ్చి నేనే చెప్తాను. మోకు జాగ్రత్త.

పర్శరాములు

*

మిరుదొడ్డి
8 మార్చి, శనివారం

బావా,

ఉత్తరం ఈతవనంల కూసోని సదివిన. మూడుసార్లు సదివిన. నాలుగోసారి సదువుటానికి ధైర్నం రాలే. చచ్చిన చీమల లెక్క అక్షరాలు. నా చేత్తో రాస్తున్న అన్నవు, ఏ చెయ్యో రాయకపోతివి. ఎడమదే గద బావా. కుడిదైతే డాక్టరమ్మ చేతులెందుకు ఎత్తేస్తది?

నెల కింద అద్దాలు చూపెట్టింది, బాపు బాపు అన్నది, గిప్పుడు చేతులెత్తేసిందా? ఆమె ఎత్తేస్తె ఎత్తేసింది, చిన్న పోరి. నిన్ను గూడ ఎత్తేయమంటదా? నువ్వు గూడ ఎత్తేస్తవా? తాటివనం కాలిపోయిన యేడు అందరు చేతులెత్తేస్తె, నువ్వొక్కనివే బిందెలతోటి నీళ్లు మోసినవు. గా మనిషి ఎటు పోయిండు?

యాదక్కకు చెప్పలే. నువ్వు వద్దన్నవు. ఆమె ముంగట కూసోని అన్నం తినుడు నా తోటి అయితలేదు. సింధుజకు ఫోన్ చేపిద్దమంటే ఎవలనో ఒకలను అడగాలె, వాళ్లకు ఎరుకైతది, ఊరంతా ఎరుకైతది. ఫోన్ల మీరందరు "మంచిగనే ఉన్నడు" అంటరు. గట్ల అంటరనే నాకు బుగులు.

మోకు జాగ్రత్త అని రెండుసార్లు రాసినవు బావా. ఎందుకు రాసినవో నాకు ఎరుకే. నువ్వు మంచోనివి, మొకం మీద అనలేవు. మోకు తెగలే, గా దినం చెట్టు కింద తీసేటప్పుడే చూసిన. ఇగ ఉచ్చే వదులై ఉంటది. నా అల్లిక జారింది, నువ్వు పడ్డవు.

అందుకే బుధవారం మన గౌండ్ల సంఘం కాడ అందరు ఉన్నప్పుడు లేచి నిలవడి చెప్పిన. "పర్శరాములు బావ పడ్డది నా తప్పు. నేను అల్లిన మోకులు ఎవ్వలు కట్టుకోకుండ్రి" అన్న. పెద్దమనిషి మల్లేశం ఏమో అన్నడు, నాకు ఇనవళ్లే. మొకాలైతే కనవడ్డయి. పదకొండు మంది ఇండ్లకు పోయి మోకులు తెచ్చి నా ముంగట కుప్ప వోసిన్రు. గా దినం కెళ్లి ఎవ్వలు చెట్టెక్కలే. పారకం మీదున్న చెట్లు, కల్లు ఆగకుండ పారేటియి. కట్టిన కుండలు, లొట్లు, నిండి కిందికి కారుతున్నయట. ఈగలు ముసురుతున్నయట.

నా చేతులతోటి ముప్పయి ఏండ్లు అల్లిన. ఇగ అల్ల. గురువారం కాముని పున్నం. కామునికి మంట వెట్టినప్పుడు గా కుప్ప అంత అందులనే ఏస్త. నీ మోకు గూడ. తెల్లారి శుక్రవారం దేవదాసును తీస్కొని పట్నం వస్త. డాక్టర్లు చేతులెత్తేసినంక ఆయన గుంజుడే దిక్కు. వద్దనకు.

నీ చెయ్యి తీసేస్తరా బావా? గది ఒక్కటి రాయి. ఎంత భయం మాటైనా దాటేయకుండ సదువుత.

భూమయ్య

*

సిద్దిపేట
11 మార్చి 2025, మంగళవారం

భూమయ్యా,

ఈ ఉత్తరాన్ని మూడు రోజులుగా రాస్తున్నాను. పది లైన్లు రాసి చేతిని వెచ్చటి నీళ్లలో పెట్టి, మళ్లీ పది లైన్లు. మొత్తం కుడిచెయ్యి రాసిందే. చివరిదాకా చదువు. దేన్నీ కాల్చకు, ఎవరినీ తేకు. ముందు ఆ సంగతి.

నీ ఉత్తరం చూసి నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. డాక్టరమ్మ నన్ను వదిలేసిందని నీకు ఎవరు చెప్పారా అనుకున్నాను. అప్పుడు నేను రాసిన ఐదు లైన్లు గుర్తుకొచ్చాయి. భూమయ్యా, ఆమె నిజంగానే చేతులు ఎత్తింది. రెండు చేతులు, ఇట్లా, ఆకాశం వైపు. నెలన్నర మెడకు వేలాడదీసుకున్నందుకు నా భుజం బిగుసుకుపోయింది. దాన్ని విడిపించడానికి తను ఎత్తి చూపించి, నన్నూ ఎత్తమంది. డిసెంబర్ తర్వాత మొదటిసారి నా కుడిచెయ్యి నా తల దాటి పైకి పోయింది. కళ్లనీళ్లు అందుకు. యాదవ్వకు చెప్పకు అన్నది, ఇంటికొచ్చి ఆమె ముందు నిలబడి ఎత్తి చూపించి ఆశ్చర్యపరుద్దామని. బజ్జీ కాగితాల మీద నేర్చిన చదువు ఇంతే. "ఎత్తింది" అని రాయాల్సిన చోట "ఎత్తేసింది" అని రాస్తే పదకొండు మంది చెట్లెక్కడం మానేశారు. సౌమ్యమ్మకు నీ ఉత్తరం చదివి వినిపించాను. నవ్వుతుందనుకుంటే మొహం చిన్నబుచ్చుకుంది. "పాపం, ఆయన ఎంత బుగులువడ్డడో" అంది.

చెయ్యి తీసెయ్యరు. ఆ మాట బెంచీ మనిషిది, డాక్టర్లది కాదు. మంట ఎందుకో ఆమె నాకు చాలాసార్లు చెప్పింది. నీ మైకు సంగతి నేను చెబితే, ఆమె దానితో పోల్చి చెప్పినాకే నాకు బుర్రకెక్కింది. ఎముక అతికి పందులు పోయాయి. కాని ఒంట్లో పెట్టిన మైకు ఇంకా అరుస్తోంది. నేనేమో అరుపు వినబడితే పంది ఉందనుకుని చెయ్యి కదపడం మానేశాను. కదపకపోతే ఇంకా బిగుసుకుంది, ఇంకా అరిచింది. దాన్ని ఒక్క దెబ్బకు బంద్ చేసే మీట లేదట. రోజూ కొంచెం కదిపి, కొంచెం ముట్టి, పంది లేదని దానికి నమ్మకం కుదర్చాలట. మొదట దూది రాసింది. తర్వాత తువ్వాల. తర్వాత తాంబాళంలో బియ్యం పోసి చెయ్యి ముంచమంది. మొదటి రోజు గింజ గింజా తుమ్మముల్లే. ఇప్పుడు ఆ బియ్యంలో ఐదు చింతగింజలు దాచి, కళ్లు మూసుకుని వెతకమంటోంది. నిన్న మూడు దొరికాయి. బొటనవేలు ఉంగరం వేలిని తాకుతోంది. చిటికెన వేలు ఇంకా అలిగే ఉంది. దేవదాసు మీద నాకు కోపం లేదు, కాని ఈ స్థితిలో ఒక్క గుంజుడు గుంజితే ఇప్పటిదాకా అయిందంతా పోతుందని ఆమె గట్టిగా చెప్పింది.

ఇప్పుడు రెండో సంగతి. దీనికోసమే మూడు రోజులు పట్టింది.

కొన్ని మాటలు బిడ్డకు చెప్పి రాయించలేం. అందుకే కాగితం మీద వద్దన్నాను.

నీ ఉచ్చు జారలేదు. నిరుటి ఎండాకాలం నుంచి నా కుడిచేతి వేళ్లు మొద్దుబారుతున్నాయి. పొద్దున లేచేసరికి అవి నావి కానట్టు ఉండేవి. విదిలిస్తే కాసేపటికి సూదులు గుచ్చినట్టయి మళ్లీ ప్రాణం వచ్చేది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో నీకు తెలుసు: "పర్శరాములు పనైపోయింది" అంటారు, నా చెట్లు ఇంకొకరికి పోతాయి. తాడిచ్చిన నీకూ, అన్నం పెట్టిన మీ అక్కకూ చెప్పలేదు. చొక్కా గుండీలు ఆమెతో పెట్టించుకుంటుంటే, వయసు మళ్లాక సరసం నేర్చానని నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

ఆ రోజు చెట్టు కింద మోకు చుట్టుకుని, కొస ఉచ్చును నడుముకు తగిలించాననుకున్నాను. అనుకున్నాను, అంతే. తగిలిందో లేదో వేళ్లు చెప్పాలి. అవి చెప్పలేదు. చూపు తిప్పి చూసుకోలేదు. నలభై నాలుగేళ్లలో ఎప్పుడు చూశాను కనుక. పైకి పోయి వెనక్కి వాలాను. వెనక ఏమీ లేదు.

మోకు జాగ్రత్త అని ఎందుకు రాశానో తెలుసా? ఆ ఉచ్చు చూడాలని. అది వదులై ఉండాలని దేవుణ్ణి మొక్కుకున్నాను. నీ అల్లికలో తప్పు దొరికితే నా వేళ్ల తప్పు తప్పిపోతుందని. ఇంత నీచంగా ఆలోచించాను, భూమయ్యా. నువ్వేమో ఆ తప్పును అందరి ముందూ నెత్తిన వేసుకున్నావు.

సౌమ్యమ్మకు మాత్రం రెండుసార్లు అబద్ధం చెప్పి మూడోసారి నిజం చెప్పాను. మణికట్టు మీద వేలితో తట్టింది, నా వేళ్ల కొసలు జివ్వుమన్నాయి. అక్కడ ఒక ఇరుకు సందు ఉంటుందట, వేళ్లకు స్పర్శ తెలిపే నరం అందులోంచే పోతుందట. ఏళ్ల తరబడి కత్తీ తాడూ బిగించి పట్టుకుంటే ఆ సందు ఇంకా ఇరుకవుతుందట. మొదట్లోనే వస్తే ఒక పట్టీ, నాలుగు రకాల వ్యాయామాలు, పట్టు మార్చుకోవడం, వీటితోనే చాలామందికి తగ్గుతుందట. "ముందుగాల ఎందుకు రాలే బాపూ?" అని ఆమె అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మళ్లీ చెట్టెక్కుతానా అంటే ఆమె మాట ఇవ్వలేదు. "అన్నం ముద్ద, పెన్ను, బస్సు కడ్డీ, గివి నా పూచీ. చెట్టు సంగతి నాకు ఎరుక లేదు" అంది.

ఈ ఉత్తరాన్ని గురువారం మంట పెట్టే ముందు సంఘం దగ్గర అందరికీ చదువు. మీ అక్కను కూడా పిలువు. ఏదీ దాటేయకు. ఎవరి మోకు వారికి ఇచ్చెయ్. నా చెట్లు ఎవరికిస్తారో మల్లేశం ఇష్టం.

అబద్ధపు వేళ్ల నీ బావ,
పర్శరాములు

*

మిరుదొడ్డి
14 మార్చి, హోళి నాడు

బావా,

ఉత్తరం బుధవారమే అందింది. సదివిన. రాత్రంత కోపంల ఉన్న. నా అల్లికను శంకించినవు గద. తెల్లారెటాలకు కోపం పోయింది. ఎందుకు పోయిందో ఆఖరికి రాస్త.

నిన్న పొద్దు వంగినంక సంఘం కాడ సదివిన. అందరు ఉన్నరు. యాదక్క ముంగట్నే కూసున్నది. గుండీల కాడికి వచ్చేసరికి నేను ఆగిన. ఆమె నా మోచెయ్యి పట్టి ఊపింది, సదువుమని. సదివిన. ఆమె ఏడ్వలే. కొంగుతోటి మూతి తుడుసుకొని ఏదో అన్నది. నాకు ఇనవళ్లే, పక్కకు కూసున్న, మనతోటి చెట్లెక్కే దుబ్బయ్యను అడిగితె చెవుల మొత్తుకొని చెప్పిండు: "వచ్చినంక ఆయన గుండీలు ఆయన్నే పెట్టుకొమ్మను, నేను కూసోని చూస్త" అన్నదట. నీకు ఎట్ల అర్థమైతే అట్ల తీస్కో.

సదువుడు అయినంక నీ చెట్ల ముచ్చట మల్లేశం ఎత్తుతడేమో అని ఆయన మొకమే చూసిన. ఆయన తన చేతులు చూసుకుంటున్నడు.

నాకేమనిపించిందో, లేచి అడిగిన. "మీల ఎవలకన్న వేళ్లు మొద్దువడుతున్నయా?" అన్న.

కాముని కట్టెలకాడ పోరగాండ్లు డప్పులు కొడుతున్నరు, నేలకెళ్లి కాళ్లకు తెలుస్తుంది. నేను ఇగ కూసుందమనుకున్న. అప్పుడు దుబ్బయ్య చెయ్యి ఎత్తిండు. ముప్పయి నాలుగేండ్లోడు బావా. ఇద్దరు చిన్న పిల్లలు. ఆయన పెండ్లాం ఆయన దిక్కు చూసిన చూపు నేను మర్వ. తర్వాత ఇంకొకడు. తర్వాత వెనకకెళ్లి ముగ్గురు. ఆఖరికి మల్లేశం. పెద్దమనిషి, సగం దాక లేపి దించబోయిండు, మల్ల లేపిండు.

పదకొండు మందిల ఆరుగురు చేతులెత్తిన్రు. ఆరుగురు, బావా. రోజు నా మోకులు కట్టుకొని పైకి పొయ్యేటోళ్లు. ఒకనిది ఒకనికి ఎరుక లేదు. చెట్లు పోతయని నీ లెక్కనే అందరు దాచిన్రు. అప్పుడు నాకు ఎన్నడు లేని బుగులు వట్టింది. నువ్వొక్కనివే పడ్డవు గని, రేపో ఎల్లుండో గీ ఆరుగురు గూడ పడుతుండిరి.

మోకులు కాల్చలే. పాత చీపుర్లు, పిడకలు, గవే కాలినయ్. మోకులు తీస్కపోతుంటే మల్లేశం ఒక మాట వెట్టిండు. ఇప్పటికెళ్లి పైకి పోయే ముందు కొస తగిలిందో లేదో కండ్లతోటి చూసుకొని, పక్క చెట్టోనికి మొత్తుకొని చెప్పాలెనట. నీ చెట్లు ఎవ్వలకు ఇయ్యలే. "పర్శరాములును రానీ, అడుగుదాం" అన్నడు.

సోమవారం పొద్దుగాల బస్సుకు మేము పట్నం వస్తున్నం. గదే డాక్టరమ్మ కాడికి. రాంచందర్‌కు చెప్పిన, ముంగటి సీట్లు ఆపుమని. దేవదాసు వస్త అన్నడు, వద్దన్న. మైకు గూడ బంద్ చేసిన, యాదక్కే మీట నొక్కింది.

ఏడు మందిమి వస్తున్నం. ఆరుగురు అంటివి గద అంటవేమో. ఆఖరుది నాది, బావా. దసరాకు నీ ఉచ్చు అల్లేటప్పుడు నా వేళ్లు మొద్దువడి ఉండె. బిగిసిందో లేదో నాకు తెల్వలే. బిగిసిందనుకున్న. దూలానికి ఏలాడేదాని దిక్కు ఇన్ని రోజులు ఎందుకు చూడలేదో గిప్పుడు తెలిసిందా. నీ వేళ్లు తగిలియ్యలేదో, నా వేళ్లు బిగియ్యలేదో, ఇగ ఎవ్వలకు ఎరుకగాదు. అందుకే నాకు నీ మీద కోపం పోయింది. నన్ను మించిన అబద్ధపోనివి నువ్వేం గాదు.

మోకును నిన్న దించి చూసిన. చూపుకు మంచిగనే ఉన్నది. కని చూపును నేనిగ నమ్ముతలేను. సంచిల వేసుకొని తెస్తున్న. నువ్వు బియ్యంల చింతగింజలు దేవులాడినట్టు, కండ్లు మూసుకొని ఇద్దరం కలిసి ఆ ఉచ్చును వేళ్లతోటి చూద్దాం.

ఏడుగురిని ఒక్కసారే చూసి డాక్టరమ్మ ఏమంటదో. జర ముందుగాల చెప్పి పెట్టు. ఆమెను మాత్రం చేతులెత్తేయొద్దను.

భూమయ్య